మంచినీటి కింద ఉప్పునీరు: తోడేవారి లెక్క ఏదీ?

కృష్ణా, గోదావరి డెల్టాల తీరాన కూలిపేటల్లో మేము వినే మాట ఒకటే: "బోరింగు నీళ్లు ఉప్పెక్కాయండీ." సముద్రం పక్కనుంటే మామూలేనంటారు అధికారులు. సముద్రం నిన్న రాలేదు గదా! మారింది తోడే తీరు.

ఉప్పునీరు బరువు, మంచినీరు దానిపై తేలుతుంది. బాడన్ గైబెన్, 1901లో హెర్జ్‌బర్గ్ ఒకే లెక్క తేల్చారు: ఊటమట్టం సముద్రమట్టానికి 1 మీటరు ఎత్తునుంటే కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే. పైన అడుగు తగ్గితే కింద ఉప్పు కాలక్రమాన 40 అడుగులు లేస్తుంది.

అయితే మన నేల ఒక్క పొర కాదు. ఇసుక, బంకమన్ను, మళ్లీ ఇసుక. ఒక్కో ఇసుక పొరలో ఉప్పు హద్దు ఒక్కోచోట. బంకమన్నును పొడిచి బోరు దించి, గొట్టం చుట్టూ సందు పూడ్చకపోతే ఉప్పుకు దారి తీసినట్లే. అందుకే శాస్త్రజ్ఞులు నేలను పొరలుగా, గళ్లుగా విడగొట్టి కంప్యూటరులో నమూనా కడతారు. ఎవరెంత తోడుతున్నారో తెలియకుండా ఏ నమూనా నిజం చెప్పదు.

2002 నాటి వాల్టా చట్టం బోర్లు నమోదు చేయమంటోంది. రొయ్యల చెరువుల మోటార్లన్నీ ఆ లెక్కకెక్కాలి. లాభం వాళ్లకు, ఉప్పు మన కడవకా? బావిమట్టం, ఉప్పదనం నెలనెలా కొలిచి పంచాయతీ గోడమీద రాయమని అడుగుదాం.