పరుగులో నెగ్గినా ఫారంలో ఓడవచ్చు

కానిస్టేబుల్ ఉద్యోగాల ప్రకటన వెలువడిందంటే చాలు, పల్లెల్లో కోడి కూయకముందే కుర్రాళ్లు పరుగుకు బయలుదేరతారు. కాలువ గట్టున పరుగు, హైస్కూలు ఆవరణలో లాంగ్‌జంప్, రాత్రిళ్లు లెక్కలూ జనరల్ నాలెడ్జీ. అప్పు చేసి పిల్లలను పట్నంలో కోచింగుకు పంపే తల్లిదండ్రులూ ఉన్నారు. అయితే పోలీసు శాఖ చూసేది కాళ్ల సత్తా ఒక్కటే కాదు. అన్నిటికన్నా చివర వచ్చే ఒక కాగితం దగ్గర కూడా ఉద్యోగం చేజారవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబరులో 6,100 పోస్టులకు వెలువడిన ప్రకటనను చూస్తే ఈ వడపోత తీరు తెలుస్తుంది. ముందు ప్రాథమిక రాతపరీక్ష. అందులో నెగ్గినవారికి శరీర కొలతలు. పురుషుల ఎత్తు 167.6 సెంటీమీటర్లకు, అంటే అయిదున్నర అడుగులకు తగ్గరాదు. ఛాతీ 86.3 సెం.మీ. ఉండి, గాలి పీల్చినప్పుడు మరో 5 సెం.మీ. పెరగాలి. మహిళలకు ఎత్తు 152.5 సెం.మీ., బరువు 40 కిలోలు ఉండాలి. ఏజెన్సీ ప్రాంతపు గిరిజనులకు సడలింపు ఉంది.

తర్వాత 1,600 మీటర్ల పరుగు. పురుషులు 8 నిమిషాలలో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. ఇది తప్పనిసరి. 100 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్‌లలో ఏదో ఒకటి నెగ్గితే చాలు. సివిల్ కానిస్టేబుల్ పోస్టుకు ఇవన్నీ అర్హత కోసమే. ఎంపికకు లెక్కించే మార్కులు తుది రాతపరీక్షవి.

వైద్య పరీక్ష సంగతి వేరు. రంగులు పోల్చుకోలేని చూపు, మెల్లకన్ను, చదును పాదం, నిలబడితే మోకాళ్లు రాసుకోవడం, కాళ్ల నరాలు ఉబ్బడం వంటివి అనర్హతలు. ఎంత సాధన చేసినా రంగుల చూపు రాదు. కోచింగుకు డబ్బు కట్టకముందే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోవడం మేలు.

ఇక మిగిలింది నడవడి విచారణ. ఎప్పుడైనా అరెస్టు అయ్యారా, కేసు నడిచిందా, దాని ఫలితం ఏమిటి అని అటెస్టేషన్ ఫారంలో అడుగుతారు. రాసినది నిజమో కాదో పోలీసులు విచారిస్తారు.

చిక్కంతా ఇక్కడే. గట్టు తగాదాలోనో, జాతర కొట్లాటలోనో, పంచాయతీ ఎన్నికల గొడవలోనో ఇంట్లోని మగవాళ్లందరి పేర్లూ కేసులోకెక్కడం పల్లెల్లో కొత్త కాదు. పెద్దమనుషులు రాజీ చేస్తారు. కోర్టులో కేసు పోతుంది. "పోయిన కేసు రాయనక్కరలేదులే" అని ఎవరో సలహా ఇస్తారు. కుర్రవాడు 'లేదు' అని రాస్తాడు. అసలు కేసు చేయని నష్టం ఆ ఒక్క మాట చేస్తుంది.

ఢిల్లీ పోలీసు శాఖలో ఒక కానిస్టేబుల్ అభ్యర్థి దేహదారుఢ్య, రాత పరీక్షలు నెగ్గాడు. కేసు నుంచి బయటపడ్డాడు కూడా. అయినా నడవడి కారణంగా ఉద్యోగం ఇవ్వకపోవడాన్ని 1996లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2011లో అదే శాఖకు చెందిన మరొక వ్యాజ్యంలో తీర్పు అభ్యర్థి పక్షాన వచ్చింది. అతనిది రాజీతో ముగిసిన కొట్లాట కేసు. దరఖాస్తులో రాయకపోయినా అటెస్టేషన్ ఫారంలో తానే రాశాడు. పడుచుతనపు తప్పును మన్నించాలని కోర్టు భావించింది.

2016 జూలై 21న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయంలో సూత్రాలు నిర్ణయించింది. అడిగిన సమాచారం నిజంగా ఇవ్వాలి, దాచరాదు. చిన్న వయసులో జరిగిన స్వల్ప నేరమైతే అధికారులు మన్నించవచ్చు. నిజం చెప్పినా పూర్వపు నడవడిని పరిశీలించే హక్కు వారికి ఉంటుంది. అంటే నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఖాయం కాదు. కాని దాచినట్లు తేలితే చేరిన తర్వాత కూడా తొలగించవచ్చు.

కనుక ఫారం నింపేముందు కేసు నంబరు, సెక్షన్లు, తీర్పు నకలు దగ్గర పెట్టుకోవాలి. ప్రశ్న అర్థం కాకపోతే ప్లీడరును అడిగి రాయాలి. దరఖాస్తు చేశాక పడిన కేసునూ వదలరాదు. 2022 ప్రకటనకు తుది రాతపరీక్ష 2025 జూన్ 1న గాని జరగలేదు. అంత వ్యవధిలో ఊళ్లో ఎన్ని తగాదాలైనా రావచ్చు.

తగాదాల్లో చదువుకునే పిల్లలను ముందుకు తోసే పెద్దలు, కక్షకొద్దీ ఎదుటివారి పిల్లల పేర్లు ఫిర్యాదులో ఇరికించేవారు ఇది గుర్తుంచుకోవాలి. పెద్దలకు అది రాజీతో తీరిపోయే గొడవ. పిల్లవాడు మాత్రం దానికి ఏళ్ల తర్వాత కూడా సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.