బూటు కాని డిస్కు ఇమేజి: అపోహలు – వాస్తవాలు

మాంగనీసు గనులకును ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారమునకును పేరుపడిన గరివిడి ప్రాంతము నుండి విజయనగరము, రాజాము కళాశాలలకు పోయి కంప్యూటరు విద్య నభ్యసించు విద్యార్థులు, లినక్సు నేర్చుకొనుటకై వేరొక కంప్యూటరును కొనలేక, తమ ల్యాప్‌టాపులోనే వర్చువల్‌బాక్సు సాయమున ఒక వర్చువల్ మెషీనును నిర్మించుకొని, దాని డిస్కు ఇమేజిని పెన్‌డ్రైవులో వేసికొని ఇంటికిని ల్యాబునకును మోయుట కలదు. ఒకనాడు అది “నో బూటబుల్ మీడియం ఫౌండ్” అని నల్లని తెరపై చూపి ఆగిపోయినంతనే, ప్రక్కనున్నవారు “ఇమేజి పోయింది, మళ్లీ ఇన్‌స్టాల్ చేసేయ్” అందురు. ఆ మాట విని ఏడాది శ్రమను చేజేతుల చెరిపివేసికొను పిల్లలను తలచినపుడు మనస్సు కలుక్కుమనును.

అపోహ: బూటు కాలేదనగా ఇమేజి చెడినదే.

వాస్తవము: ఇమేజి ఫైలులో నుండునది డిస్కు మాత్రమే. మెమరీ యెంత, డిస్కు కంట్రోలరు ఏది, ఫర్మ్‌వేరు బయాసా యూఈఎఫ్‌ఐయా యను వివరములన్నియు మరియొక చిన్న సెట్టింగుల ఫైలునందు వేరుగ నుండును. దానిని ఇంటియొద్దనే విడిచి, ఇమేజిని మాత్రము తెచ్చి, ల్యాబులో క్రొత్త మెషీనునకు తగిలించినపుడే చిక్కంతయు మొదలగును. పాత బయాసు డిస్కులోని మొదటి 512 బైట్లను చదివి, చివర 55, ఏఏ యను రెండు బైట్ల గుర్తు కలదా యని చూచి, అందలి కోడును నడపును. యూఈఎఫ్‌ఐ యన్ననో, ప్రత్యేకమైన పార్టిషనులో ఫైలుగా నున్న బూట్‌లోడరును వెదకును. యూఈఎఫ్‌ఐకై సిద్ధపరచిన జీపీటీ డిస్కున ఆ గుర్తు ఉన్నను, దాని ముందరి కోడు శూన్యమై యుండవచ్చును గనుక, డిస్కు సంపూర్ణముగ ఆరోగ్యముతో నున్నను బయాసునకు ఏమియు దొరకదు. సెట్టింగులలో ఈఎఫ్‌ఐ యను గడిలో టిక్కు పెట్టినంతనే లేచి కూర్చున్న ఇమేజిలు ఎన్నియో!

కంట్రోలరు సంగతియు నిట్టిదే. ఐడీఈ మీద స్థాపించిన పాత విండోసును సాటాకు మార్చినచో, నీలితెరపై 0ఎక్స్7బి యను దోషసంఖ్య కనబడవచ్చును. తొలి కంట్రోలరునే తిరిగి పెట్టి చూడవలెను. లినక్సున ఎస్‌డీఏ యను డిస్కు వర్టియో కంట్రోలరు మీద వీడీఏ యగును గనుక, పాత పేరుతో గుర్తించిన పార్టిషను దొరకకపోవచ్చును. యూయూఐడీతో గుర్తించిన పార్టిషనులకు ఈ బాధ లేదు.

అపోహ: ఫైలు పేరు చివర వీడీఐ తీసి వీఎండీకే అని వ్రాసిన చాలును.

వాస్తవము: పేరు మారును గాని లోపలి అమరిక మారదు. ఫబ్రీస్ బెలార్ 2003లో ఆరంభించిన క్యూఈఎంయూ యను ఎమ్యులేటరుతో కూడ వచ్చు ‘క్యూఈఎంయూ ఇమేజ్’ పరికరము, ఇన్ఫో యను కమాండుతో నిజమైన ఫార్మాటును చెప్పును, కన్వర్టుతో మార్చును.

అపోహ: స్నాప్‌షాటు ఉన్నది గనుక బ్యాకప్ ఉన్నట్లే.

వాస్తవము: స్నాప్‌షాటు తీసిన పిదప వ్రాయబడిన మార్పులు మాత్రమే క్రొత్త ఫైలునకు చేరును, తక్కినదంతయు మూలపు ఇమేజిలోనే యుండును. మూలమును విడిచి పిల్లఫైలును మాత్రము మోసికొనిపోయినచో బూటు కాదు. మూలమును విడిగ నడిపి మార్చినచో రెంటికిని పొంతన తప్పును. రెండును కలిపి యొకే ఇమేజిగ చేసిన పిమ్మటనే తరలింపవలెను. ఫ్యాట్32 పెన్‌డ్రైవు 4 జీబీకి మించిన ఫైలును పట్టజాలదు, ఆ సంగతియు మరువరాదు.

అపోహ: రిపేరు కమాండు ఇచ్చి చూచినచో పోయెడిదేమి?

వాస్తవము: రిపేరు డిస్కుపై వ్రాయును, తప్పుగ వ్రాసినది మరల రాదు. తొలుత ఇమేజికి నకలు తీసి, ఆ నకలునే మరియొక లినక్సు మెషీనునకు రెండవ డిస్కుగ తగిలించి, చదువుటకు మాత్రమే మౌంటు చేసి, ప్రాజెక్టు ఫైళ్లను బయటికి తీసికొనవలెను. బూట్‌లోడరును సరిచేయు పని ఆ తరువాతిది.