పాత బాడీ ఇంకను పనికివచ్చునా?

ఈఓఎస్ 5డి మార్క్ 2 అను కెమెరాను కెనాన్ సంస్థ 2008 సెప్టెంబరులో ప్రకటించెను. 35 మిల్లీమీటర్ల ఫిలిము చట్రమంత విశాలమైన సెన్సరును, 2 కోట్ల 11 లక్షల పిక్సెళ్లను, పూర్తి హెచ్.డి. వీడియోను ఏకశరీరమున ఇముడ్చుకొని అది అంగడికి వచ్చినపుడు, అంతవరకు స్టిల్స్‌కు ఒక మనిషిని, భుజముపై మోయు వీడియో కెమెరాకు మరియొక మనిషిని పెండ్లికి పంపుచుండిన మన స్టూడియోల యజమానులు దానినొక అపూర్వసాధనముగా గ్రహించిరి. కొలదికాలములోనే సినిమావారును దాని శక్తిని పరీక్షింపసాగిరి. 2011లో రాంగోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ చిత్రమును ఐదే దినములలో ముగించినది 5డి కెమెరాలను చేతబట్టియే. నేడు క్యాండిడ్ అను పేర చెలామణియగుచున్న పెండ్లి ఛాయాచిత్రణమును తెలుగునాట అలవాటుచేసిన సాధనములలో ఇది ముఖ్యమైనదని చెప్పుటకు నేను సందేహింపను.

అట్టి బాడీ నేటికిని అనేకుల సంచులలో ఉన్నది. రబ్బరు పట్టు ఊడి జిగురుతో అతుక్కొని, అంచుల నల్లరంగు పోయి లోహము మెరయుచున్నను, మీట నొక్కినంతనే పలుకుచున్నది. దానిని విడిచి క్రొత్తది కొనవలెనా, లేక మరికొన్ని ముహూర్తములు దీనితోనే నెట్టుకొని రావలెనా అను మీమాంస ప్రతి మాఘమాసమునకు ముందు మన ఫొటోగ్రాఫర్లకు తప్పకున్నది. దుకాణదారుని అడిగిన కొనుమనును. ఇంట అడిగిన వద్దనుదురు. ఈ ఇరువురి మాటయు పక్కనబెట్టి, ఆ బాడీ చేసిన, చేయజాలకపోయిన పనులను పరిశీలించినచో తీర్పు చాలవరకు తానే తేలును.

మొదట పిక్సెళ్ల సంగతి చూతము, ఏలనన బేరమాడువారందరును దీనినే ముందుకు తెత్తురు. 5డి మార్క్ 2 తీసిన చిత్రము అడ్డముగా 5,616, నిలువుగా 3,744 బిందువులు కలది. మన పెండ్లి ఆల్బములలో సర్వసాధారణమైన కొలత 12×36; అనగా తెరచిన జంటపుటలు 36 అంగుళముల వెడల్పు, 12 అంగుళముల ఎత్తు. అందొక్క పుట 18×12. ఆ పుట నిండుగా ఒక్క చిత్రమును ముద్రించినపుడు అంగుళమునకు 312 బిందువులు దక్కును. ల్యాబువారు కోరు 300 కంటె ఇది అధికమే. జంటపుటలను నిండించు పెద్ద చిత్రమైనచో అంగుళమునకు 156 మాత్రమే మిగులును గాని, అంతటి చిత్రమును ఎవరును ముక్కు ఆన్చి చూడరు. ఇక 2 కోట్ల 42 లక్షల పిక్సెళ్లతో 2022 నవంబరులో వచ్చిన ఆర్6 మార్క్ 2 అను నవీన కెమెరా అదే జంటపుటకు ఇచ్చునది అంగుళమునకు 166. పది బిందువుల ఈ లాభమును కంటితో పోల్చుకొనగలవాడు నాకు తారసపడలేదు. నాలుగున్నర కోట్ల పిక్సెళ్ల ఆర్5 కొన్నను, పిక్సెళ్ల సంఖ్య రెండింతలకు మించినను, వెడల్పున పెరుగునది ఒకటిన్నర రెట్లలోపే. ఏలనన విస్తీర్ణము రెట్టింపైనపుడు భుజము రెట్టింపు కాదని మనము ఎనిమిదవ తరగతిలో చదువుకొనియే యున్నాము. కావున ఆల్బము నిమిత్తమై పిక్సెళ్లకొరకు బాడీ మార్చుట వ్యర్థవ్యయము.

వెలుతురు చక్కగా నున్నచోట వర్ణముల విషయమునను పాత బాడీకి వంక పెట్టుటకు లేదు. స్టూడియోలో దీపములు అమర్చుకొని పాస్‌పోర్టు ఫొటోలు, ఓణీల ఫంక్షను ముందటి పోర్ట్రెయిట్లు, బట్టల దుకాణము క్యాటలాగులు తీయువానికి 2008 నాటి సెన్సరునకును నేటి సెన్సరునకును గల భేదము కాగితముపై దాదాపు కానరాదు. అట్టివాడు బాడీ మార్చవలెనను తలంపునే మానుకొనవచ్చును.

చిక్కెల్ల చీకటితో వచ్చును. తెల్లవారుజామున మూడు గంటల ముహూర్తము; వెనుక ఎల్.ఇ.డి. తెర జాజ్వల్యమానముగా వెలుగుచుండగా వధూవరుల ముఖములు నీడలో నుండును. తెర తొలగి, జీలకర్ర బెల్లము శిరస్సున ఉంచిన క్షణమున వారి చూపులు కలియుట ఒక్క నిమేషము. ఈ కెమెరాకు కనబడు ఫోకసు బిందువులు తొమ్మిది. వానిలో నమ్మదగినది నడిమిది ఒక్కటే. నిలువు గీతలను, అడ్డగీతలను రెంటిని గుర్తుపట్టగల క్రాసు బిందువది. తక్కిన ఎనిమిదింటిని మసకవెలుతురులో నమ్ముకొన్నవాడు ఫోకసు ముందు వెనుకలకు పోవుచుండగా చూచుచు నిలుచుండవలసినదే. అందుచేత అనుభవజ్ఞులు నడిమి బిందువును వధువు కంటిపై నిలిపి ఫోకసు పట్టి, పిమ్మట కెమెరాను కొంచెము పక్కకు తిప్పి చట్రమును సవరించుకొందురు. ఈ పద్ధతి విశాలమైన ఎపర్చరు వద్ద ఎంత ప్రమాదకరమో లెక్కగట్టి చూడవచ్చును. 85 మిల్లీమీటర్ల లెన్సును 1.8 వద్ద తెరచి రెండు మీటర్ల దూరమున నిలిచినపుడు పదునుగా కనబడు లోతు మొత్తము 6 సెంటీమీటర్లు. ఫోకసు పట్టిన పిదప కెమెరాను పది డిగ్రీలు తిప్పినంతనే పదునుతలము కంటికి 3 సెంటీమీటర్ల వెనుకకు జరుగును. అప్పుడు కన్ను మెత్తబడి చెంపసరములు తళతళలాడును. కెమెరా తెరపై చిన్నదిగా చూచినపుడు ఇది తెలియదు. ఆల్బము డిజైనరు పెద్దది చేసినపుడు తెలియును, అప్పటికి పెండ్లికూతురు అత్తవారింట ఉండును.

2012లో వచ్చిన 5డి మార్క్ 3 ఈ లోపమును బహుళముగా తీర్చినది. అందు ఫోకసు బిందువులు 61. వానిలో 41 క్రాసు బిందువులే. పాతదాని ఫోకసు మైనస్ 0.5 ఈ.వి. వెలుతురువరకే పనిచేయుచుండగా, ఇది మైనస్ 2 వరకు, అనగా సుమారు మూడవవంతు వెలుతురులో కూడ, పని చేయును. అద్దములేని ఆర్6 మార్క్ 2 కెనాన్ లెక్కప్రకారము, 1.2 లెన్సుతో, మైనస్ 6.5 వరకు పోవును. అదియుగాక కంటిని తానే వెదకి పట్టుకొని, మనిషి కదలిన కొలది వెంబడించును. ఈ ఒక్క సౌకర్యము మాత్రము వ్యాపారప్రకటనలలోని అతిశయోక్తి కాదని ఒప్పుకొనక తప్పదు. ఇరువురు తలంబ్రాలు పోసుకొనుచు కదలుచుండగా, చుట్టును చేతులు అడ్డుపడుచుండగా, పాత కెమెరాతో పదింట నాలుగు పదునుగా రాబట్టినవాని నైపుణ్యము ప్రశంసనీయమే. కాని డబ్బిచ్చినవారు నైపుణ్యమును గాక ఫొటోలను లెక్కపెట్టుదురు.

నీడల సంగతి క్లుప్తముగా చెప్పెదను. పాత సెన్సరుతో తీసిన చిత్రమున చీకటి భాగములను తరువాత కంప్యూటరులో వెలిగించినచో, నల్లని జుట్టులోను, ముదురు షేర్వానీ మడతలలోను చారలు బయటపడును. నవీన సెన్సర్లు దీనిని బాగుగా సహించును. ఎక్స్‌పోజరు సరిగా వేయువానికి ఈ భేదము అరుదుగా అక్కరకు వచ్చును.

అంతకంటె గంభీరమైన విషయమొకటి కలదు. దానిని గూర్చి చాలమంది ఆలోచింపరు. 5డి మార్క్ 2లో ఇమిడెడి కార్డు ఒక్కటే. మాంగల్యధారణము జరిగిన పిదప ఆ సీఎఫ్ కార్డు చెడినచో రెండవ ప్రతి ఎచ్చటను ఉండదు, పురోహితుని మరల మూడుముళ్లు వేయింపుమని అడుగుటకు వీలులేదు. మార్క్ 3 మొదలుకొని 5డి బాడీలలో రెండు కార్డులకు చోటున్నది. ఒక్కొక్క చిత్రము రెంటిపైనను ఏకకాలమున వ్రాయబడును. డబ్బు పుచ్చుకొని పెండ్లి ఫొటోలు తీయువాడు బాడీ మార్చుటకు ఈ కారణమొక్కటే చాలునని నా నిశ్చయము. వీడియో విషయమునను పాత బాడీ వెనుకబడినది: 4 జీబీ నిండగానే, అనగా సుమారు 12 నిమిషములకు, రికార్డింగు ఆగును, నడచివచ్చు మనిషిని ఫోకసు వెంబడింపదు, నేడు పెండ్లివారు అడుగుచున్న 4కె దానికి తెలియదు.

వయసును కూడ చూడవలెను గదా. ఈ బాడీ షట్టరును లక్షన్నర క్లిక్కుల వరకు పరీక్షించితిమని తయారీదారు చెప్పెను. ఒక్క పెండ్లికి రెండున్నర వేలు కొట్టువాడు అరువది పెండ్లిండ్లతో ఆ సంఖ్యను దాటును. దాటినంతనే ఆగిపోవునని కాదు. దాని తరువాత ఎప్పుడాగినను ఆశ్చర్యపడుటకు హక్కు లేదని మాత్రమే. షట్టరు మార్పించవచ్చును గాని, ఇంత పాత మోడలునకు క్రొత్త విడిభాగములు దొరకుట కష్టమగుటచే, మెకానిక్కు వేరొక చచ్చిన బాడీనుండి తీసి వేయుచుండును. అట్టి మరమ్మతునకు వ్యయించిన సొమ్ము తిరిగిరాదు.

ఇక క్రొత్త బాడీ ఏమేమి చేయజాలదో కూడ చెప్పవలెను. ఊదారంగు ఎల్.ఇ.డి. కాంతిలో ముఖము నీలముగా మారుటను ఏ సెన్సరును మాన్పలేదు. దానికి స్టేజి డెకరేషనువారితో ముందుగా మాటాడుకొని, మన దీపమును మనము తెచ్చుకొనుటే మార్గము. శబ్దము లేని ఎలక్ట్రానిక్ షట్టరును గొప్పగా చెప్పుదురు. త్యాగరాజ ఆరాధనలో ముందు వరుసన కూర్చున్నవానికి అది వరమే. గట్టిమేళము మ్రోగుచున్న పందిరిలో షట్టరు చప్పుడు విన్నవాడెవడు? పైగా ఆ షట్టరుతో ఎల్.ఇ.డి. దీపముల క్రింద తీసిన చిత్రములపై అడ్డచారలు పడుటయు కలదు. 5డి మార్క్ 2తో కూడ వచ్చిన 24-105 లెన్సు ఎపర్చరు 4 మాత్రమే. దాని స్థానమున 2 వరకు తెరచుకొనునది బిగించినచో నాలుగింతల వెలుతురు లోనికి వచ్చును; 6400 ఐ.ఎస్.ఓ. వద్ద గ్రెయిన్స్‌తో తీయవలసిన చిత్రము 1600 వద్దనే అగును. 1.8 ఎపర్చరు గల 50 మిల్లీమీటర్ల చిన్న లెన్సు వెల, క్రొత్త బాడీ వెలలో అల్పాంశమే. కావున మీ ఫొటోలలో గ్రెయిన్స్ మాత్రమే లోపమైనచో ముందు లెన్సు కొనుడు. కన్ను తప్పి చెవిపై ఫోకసు పడుట లోపమైనచో బాడీని గూర్చి ఆలోచింపుడు.

బాడీ వెలయే మొత్తము ఖర్చని భ్రమపడరాదు. 1987 నుండి వచ్చిన ఈఎఫ్ లెన్సులు ఆర్ శ్రేణికి అడాప్టరుతో చక్కగా అమరును. అందు గాజు ఏదియు లేదు, 24 మిల్లీమీటర్ల గొట్టము మాత్రమే, ఫోకసును పూర్తిగా పని చేయును. కాని సీఎఫ్ కార్డులు పనికిరావు, వేగముగల ఎస్.డి. కార్డులు కొనవలెను. పాత బ్యాటరీలు ఆర్6 మార్క్ 2లో పట్టును గాని, పూర్తి వేగమునకు క్రొత్తరకము కావలెను. అద్దపు కెమెరా ఒక్క ఛార్జితో సుమారు 850 ఫొటోలు తీయుచుండగా, ఎలక్ట్రానిక్ కన్ను గల కెమెరా అంత దూరము రాదు. ఆపై దీని రా ఫైళ్లు సీఆర్3 అను క్రొత్త పద్ధతిలో నుండును. ఒకసారి కొని ఏండ్లతరబడి వాడుకొనుచున్న లైట్‌రూమ్ 6 వానిని తెరువజాలదు. సాఫ్ట్‌వేరు మార్చిన కంప్యూటరు కుంటును, కంప్యూటరు మార్చిన బడ్జెటు కుంటును. విడుదలనాడు రెండు లక్షల రూపాయలు దాటిన బాడీకి ఇవన్నియు తోడైనచో, ఒక చిన్న పట్టణపు స్టూడియోకు అది భారమే.

అందుచేత మధ్యమార్గమొకటి నేను సూచింతును. సెకండ్‌హ్యాండులో 5డి మార్క్ 3, లేదా 2016లో వచ్చి 4కె వీడియోయు, 3 కోట్ల 4 లక్షల పిక్సెళ్లును గల మార్క్ 4 కొనుట. మార్క్ 4 తరువాత ఆ శ్రేణిలో మరియొక బాడీ రాలేదు. అందరును అద్దములేని కెమెరాలకు తరలుచుండుటచే, ఇవి ఒకప్పటి ధరతో పోల్చిన చౌకగా దొరకుచున్నవి. మీ లెన్సులు, బ్యాటరీలు, సీఎఫ్ కార్డులు, ఫ్లాషులు, అన్నిటికంటె ముఖ్యముగా మీ వ్రేళ్ల అలవాటు, యథాతథముగా చెల్లును.

కొనునపుడు మాత్రము నిదానింపుడు. కెనాన్ బాడీలు ఎన్ని క్లిక్కులు కొట్టినవో ఫొటో ఫైలులో సాధారణముగా వ్రాయవు. యూఎస్‌బీతో కంప్యూటరునకు కలిపి సాఫ్ట్‌వేరుతో చదువవలెను. తెల్లని ఆకాశమునో గోడనో 16 ఎపర్చరు వద్ద ఒక ఫొటో తీసి, పెద్దదిగా చేసి చూచినచో సెన్సరుపై మచ్చలు దాగవు. రెండు కార్డులును వేసి రెంటిపైనను వ్రాయుచున్నదో లేదో అక్కడనే చూచుకొనుడు. విశాఖ, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరముల వాడబడిన సరంజామా అయినచో లెన్సులోనికి టార్చి వేసి ఫంగస్ తీగలు పాకినవేమో పరిశీలించుట మరువరాదు. వీలున్నచో ఒక పెండ్లికి అద్దెకు తెచ్చి పని చేయించి చూడుడు.

స్టూడియో నాలుగుగోడల మధ్య పని చేయువాడు 5డి మార్క్ 2ను ఆగువరకు వాడుకొనవచ్చును. పెండ్లిండ్లు తీయువాడు మాత్రము దానిని రెండవ బాడీగా సంచిలో ఉంచుకొని, మొదటి బాడీగా రెండు కార్డులున్నదానిని తెచ్చుకొనవలెను. అది క్రొత్తదా సెకండ్‌హ్యాండుదా అనునది అతని ఆర్డర్ల పుస్తకము తేల్చును. ఏది కొన్నను ముహూర్తముల కాలము మొదలగుటకు ఒక నెల ముందుగా కొనుడు. చేతికి బటన్లు అలవడని బాడీని పట్టుకొని పెండ్లికి పోవలదు.