నవలా రచయిత, చిన్న ప్రకాశకుడు, ఒడంబడిక

గుజరాతీ భాషలో తొలి స్వతంత్ర నవలగా పేరొందిన 'కరణ్ ఘేలో' 1866లో వెలువడినది. దాని కర్త నందశంకర్ మెహతా సూరతు నగరవాసి. ఉపాధ్యాయ వృత్తిలో నున్నవాడు. జీతము పాఠశాలనుండి వచ్చెడిది, నవల తీరిక వేళల పని. అదే నగరమున పుట్టిన నర్మదాశంకర్ దవే, అనగా లోకమెరిగిన నర్మదకవి, వేరొక త్రోవ త్రొక్కెను. 1858లో బోధకవృత్తిని విడిచి, ఇకమీదట కలమునే నమ్ముకొని బ్రతుకుదునని వ్రతము పట్టెను. 'నర్మకోశ' మను నిఘంటువును తానే కూర్చి, అచ్చు భారమును తానే వహించి, 1873లో దానిని ముగించెను. అప్పులను మాత్రము ముగింపలేకపోయెను. ఇరువది నాలుగేండ్ల పిమ్మట, 1882లో, మరల ఉద్యోగమున కొప్పుకొనవలసి వచ్చినది. పుస్తకము వ్రాసినవానికి పుస్తకమునుండి ఏమి రావలెనను ప్రశ్న సూరతులో అంత పాతది.

ఆ నగరమున చిన్న ప్రచురణ సంస్థలకును కొదువ లేదు. హరిప్రసాద్ వ్యాస్ సృష్టించిన బకోర్ పటేల్ అను మేకపెద్దమనిషి కథలు 1936 మొదలు 1955 వరకు సూరతునుండి వెలువడిన 'గాండీవ్' పిల్లల పత్రికలోనే వచ్చినవి. ఒక పాత్ర, దాని వెంట కథల వరుస, ఆ వరుసకై ఎదురుచూచు పాఠకులు: వినోద సాహిత్యమునకు మూలధనము ఇదియే. ఇది తరువాత మరల ప్రస్తావనకు వచ్చును.

సూరతులో తెలుగువారును ఉన్నారు. తెలంగాణమునుండి మరమగ్గాల పనికై తరలిపోయిన పద్మశాలీ కుటుంబములు అచ్చట తరతరాలుగా స్థిరపడినవి. నగరపాలక సంస్థ నడుపు ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమము గలవియు కలవు. అట్టి చోట కూర్చుండి ఒకడు అపరాధ పరిశోధక నవలయో, మంత్రతంత్రముల నవలయో వ్రాసెననుకొనుడు. దానిని అచ్చువేయు వారు విజయవాడలోనో హైదరాబాదులోనో ఉందురు. విజయవాడ రచయితకు ఒక సౌకర్యము కలదు. సాయంకాలము ప్రకాశకుని దుకాణమునకు పోయి, టీ త్రాగి, లెక్క అడిగి రావచ్చును. సూరతు రచయితకు, భిలాయి రచయితకు, బరంపురపు రచయితకు ఆ వీలు లేదు. అతనికి గల బంధమంతయు కాగితము మీదనే. కనుక ఆ కాగితమున ఏమున్నదో చూచుకొనుట అతనికి మరింత అవసరము.

ఈ సందర్భమున ఆంగ్ల సాహిత్యమునుండి ఒక ఉదాహరణము చెప్పక తప్పదు. ఆర్థర్ కానన్ డాయిల్ తన తొలి షెర్లాక్ హోమ్స్ నవల 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్'ను పలువురికి పంపెను. ఒక పత్రికా సంపాదకుడు మెచ్చుకొనెను గాని, నిడివి తమకు సరిపడదనెను. ఒక ప్రకాశకుడు చదువకయే త్రిప్పి పంపెను. తుదకు 1886లో వార్డ్ లాక్ వారు సర్వస్వామ్యములకును కలిపి ఇరువది యైదు పౌనులిత్తుమనిరి. అదియు ఆ యేడు కాదు, మరుసటి యేడు అచ్చువేయుదుమనిరి. డాయిల్ అమ్మకముపై భాగమడిగెను. వారు కుదరదనిరి. విసిగిన రచయిత ఒప్పుకొనెను. 1887లో ఒక క్రిస్మస్ సంచికలో వెలువడిన ఆ నవల నేటికిని అమ్ముడగుచునే యున్నది. దానినుండి ఆయనకు మరియొక పెన్నీ రాలేదు. తిరస్కారములచే అలసినవాడు మొదట దొరికిన చేతిని పట్టుకొనును. ఆ అలసటయే బేరమున రచయితకు శత్రువు, ప్రకాశకుడు కాడు.

తెలుగున ఈ వ్యాపారమునకు పెద్ద చరిత్రయే కలదు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు (1912–1975) సుమారు వేయి చిన్న నవలలు వ్రాసెను. రైలెక్కునప్పుడు కొని, దిగునప్పటికి చదివి ముగించు పాఠకులను ఆయన తయారుచేసెను. అటుపిమ్మట కొమ్మూరి సాంబశివరావు 'డిటెక్టివ్ యుగంధర్', మధుబాబు 'షాడో' ఇంటింటి పేర్లైనవి. పండితులు ఈ పుస్తకములను అలమారలో పెట్టకపోవచ్చును. తెలుగు చదువుట అలవాటైన ఇండ్లలో సగము వీని మూలముననే అలవాటుపడినవనుట మాత్రము అతిశయోక్తి కాదు. అయినను ఈ రంగమున చాలకాలము నడచిన పద్ధతి ఒక్కటియే: ఇంత సొమ్ము, ఇదిగో వ్రాతప్రతి, ఇక దీనితో నీకు పనిలేదు. పలుమారులు రసీదు ముక్కయే ఒడంబడిక.

ఇక వ్రాతప్రతి పంపుట. మొదట ఆ సంస్థ వేసిన నాలుగు పుస్తకములైనను చదువవలెను. చిన్న ప్రకాశకుడు తానే సంపాదకుడు, తానే గుమాస్తా. అతడు అమ్మగలిగిన రకము ఒకటో రెండో ఉండును. దయ్యముల నవలలు వేయువానికి వైజ్ఞానిక కల్పన పంపి, తిరిగివచ్చినదని బాధపడుట న్యాయము కాదు. నవల మొత్తము ఒకేసారి పంపక, ఒక పుట లేఖ, రెండు పుటల కథాసంగ్రహము, తొలి మూడు ప్రకరణములు పంపుట మేలు. సంగ్రహములో హంతకుడెవరో తప్పక చెప్పవలెను. ముగింపును దాచి, 'చదివి తెలిసికొనుడు' అని ఊరించుట పాఠకునికి చేయదగినది, కొనువానికి కాదు. ముడి విప్పుట వచ్చునో రాదో చూడకుండ అపరాధ పరిశోధక నవలను ఎవరు కొందురు?

అక్షరముల సంగతి చిన్నదిగా కనబడును గాని దూరమున నున్నవారికి పెద్దది. రచయిత యూనికోడులో టైపుచేసి పంపును; అనేక తెలుగు ముద్రణాలయములు అను ఫాంట్లతో పుటలు కూర్చుచున్నవి. ఒకదానినుండి మరొకదానికి మార్చునప్పుడు సంయుక్తాక్షరములు, అరసున్నలు, అంకెలు చెదరవచ్చును. కావున అక్షరరూపము చెడని పీడీఎఫ్ ప్రతి నొకదానిని జతపరచి, కూర్పు పూర్తియైన పిదప ప్రూఫులు రచయిత కొకమారు చూపవలెనని ముందే అడుగవలెను. పంపిన తేదీ, పంపిన ప్రతి, వచ్చిన జాబు — మూడును ఒకచోట భద్రపరచవలెను. ఢిల్లీలోని కాపీరైటు కార్యాలయమున నమోదు చేయించుకొననిదే హక్కు పుట్టదని పలువురు భయపడుదురు. అది అపోహ. వ్రాసిన క్షణముననే హక్కు పుట్టును. నమోదు ఐచ్ఛికము, వివాదము వచ్చిన సాక్ష్యముగా అక్కరకు వచ్చును.

జాబులో 'మీ నవల చాల బాగున్నది, అచ్చు ఖర్చులో సగము మీరు భరింపుడు' అని యున్నచో, ఆ వ్రాసినవాడు ఆ క్షణమున ప్రకాశకుడు కాదు, అచ్చుపనివాడు. సొంత ఖర్చుతో అచ్చువేయించుకొనుట తప్పు కాదు; నర్మదుడు చేసినది అదియే. కాని అట్టిచో పుస్తకములును, స్వామ్యమును రచయితవే కావలెను. సొమ్ము రచయితది, హక్కు ప్రకాశకునిది అను ఒడంబడిక ఏ లెక్కకును నిలువదు.

ఒడంబడికను చదువునప్పుడు 1957 నాటి కాపీరైటు చట్టము ప్రక్కన నుండవలెను. అది 1958 జనవరి 21న అమలులోనికి వచ్చినది. నర్మదుడు ఉద్యోగము మానిన సరిగా నూరేండ్లకు! దాని 19వ విభాగము రచయితకు చేసిన మేలును తెలిసినవారు తక్కువ. స్వామ్యమును బదలాయించుట వ్రాతమూలకముగా, సంతకముతో జరుగవలెను, నోటిమాట చెల్లదు. ఏ గ్రంథము, ఏ హక్కులు, ఎంతకాలము, ఏ ప్రాంతము, ఎంత ప్రతిఫలము అనునవి అందుండవలెను. కాలము చెప్పనిచో ఐదేండ్లని భావింపబడును. ప్రాంతము చెప్పనిచో భారతదేశము మాత్రమే. హక్కు పొందినవాడు ఒక సంవత్సరములోగా దానిని వినియోగింపనిచో, ఒడంబడికలో వేరుగా వ్రాసికొననంతవరకు, ఆ హక్కు రద్దగును. అనగా మూడేండ్లు బీరువాలో పెట్టుకొని అచ్చువేయని నవల చాలమారులు రచయిత చేతికి తిరిగి వచ్చియే యుండును. ఆ సంగతి అతనికి తెలియక, అనుమతికై జాబులు వ్రాయుచుండును.

ఈ రక్షణలన్నియు ఒడంబడిక మౌనముగా నున్నప్పటివి. కనుకనే 'శాశ్వతముగా', 'ప్రపంచమంతట', 'సకల మాధ్యమములందు' అను మూడు పదములు అచ్చు ఫారములలో తప్పక కనబడును. 2012 సవరణ మూడవదానికి కొంత కళ్లెము వేసినది. ఒడంబడిక నాటికి లేని, లేదా వ్యాపారమున వాడుకలో లేని మాధ్యమమునకు, దానిని పేరుపెట్టి చెప్పిననే తప్ప, బదలాయింపు వర్తింపదు. పూర్వము కాగితపు పుస్తకమునకై సంతకము చేసినవారు నేడు శ్రవ్యపుస్తకముల విషయమున ఈ నియమమును జ్ఞాపకముంచుకొనవలెను. ఆ సవరణకు ముందటి పత్రములకు ఇది ఎట్లు వర్తించునో న్యాయవాదిని అడిగి తెలిసికొనుట మంచిది.

విక్రయము వేరు, అనుమతి వేరు. అచ్చుపుస్తకమునకు మాత్రము, ఐదేండ్లకు మాత్రము, తెలుగులో మాత్రము అనుమతి నిచ్చుట చిన్న ప్రకాశకునికిని చాలును. చలనచిత్రము, అనువాదము, శ్రవ్యము అతడు ఎటులును వినియోగింపలేనివి. వినియోగింపలేనిదానిని ఊరక వ్రాయించుకొనుట అలవాటువలననే. సూరతు రచయిత తన నవలను గుజరాతీలోనికి తానే తేగలవాడు కావచ్చును. ఆ హక్కును విజయవాడలో పారవేసికొన నేల?

రాయల్టీ శాతమును చూచి మురిసిపోవుటకంటె, శాతము దేనిపైన అని అడుగుట ముఖ్యము. రెండువందల రూపాయల పుస్తకము, ఐదువందల ప్రతులు అమ్మినారనుకొనుడు. అచ్చువెలపై పదిశాతమైనచో పదివేలు. దుకాణదారునకు నలుబదిశాతము తగ్గింపు పోగా మిగిలినదానిపై పదిశాతమైనచో ఆరువేలు. రెండింటిలోను 'పదిశాతము' అనియే యుండును. ఎన్ని ప్రతులు వేసిరో మొదటి పుట వెనుక ముద్రింపవలెననియు, ఏటికి ఒకటి రెండు మారులు లెక్క పంపవలెననియు, సంతకమునాడే కొంత ముందుసొమ్ము ఈయవలెననియు అడుగుట మర్యాదకు భంగము కాదు. ముందుసొమ్ము వేయి రూపాయలైనను సరియే. సొమ్ము పెట్టినవాడు పుస్తకమును మరువడు.

అయితే బేరము రెండువైపులది. చిన్న ప్రకాశకుడు సాధారణముగా ధనికుడు కాడు. అతనికి రావలసిన బాకీలు పుస్తకాల దుకాణములలో నెలల తరబడి నిలిచిపోవును. అమ్మని ప్రతులు తిరిగివచ్చును. అట్టివానితో శాతము కొరకు పోరాడుటకంటె కాలపరిమితి కొరకు పోరాడుట వివేకము. ఎనిమిది శాతమునకు దిగివచ్చి, ఐదేండ్లకు మించనీయనివాడు, పన్నెండు శాతమునకు శాశ్వతముగా వ్రాసి యిచ్చినవానికంటె బాగుపడును. డాయిల్ నష్టపోయినది ఇరువది యైదు పౌనుల చిన్నదనమువలన కాదు, దాని కాలపరిమితి లేమివలన.

వినోద నవలకు ప్రత్యేకమైన చిక్కు పాత్ర, కలముపేరు. ఒక పరిశోధకుని పాత్ర జనులకు నచ్చినచో నవలకంటె పాత్రయే విలువైనదగును. మన చట్టమున పాత్రపై హక్కును గూర్చి విడిగా వాక్యము లేదు. కావున ఆ పాత్రతో తరువాతి కథలు వ్రాయు హక్కు రచయితదేనని ఒడంబడికలో చెప్పించుకొనవలెను. కలముపేరును అట్లే. హిందీ పాకెట్ పుస్తకముల వ్యాపారమున ప్రకాశకుడే ఒక కల్పితనామమునకు యజమానియై, దాని క్రింద పలువురిచే వ్రాయించు ఆచారము నడచినది. వ్రాసినవాడు సంస్థను విడిచినను పేరు సంస్థలోనే మిగిలెడిది, పాఠకులును అక్కడనే. ఆ రంగమున మేటియైన వేద్ ప్రకాశ్ శర్మ మేరఠులో తన సొంత పాకెట్ పుస్తకాల సంస్థనే నెలకొల్పుకొనెను. కర్తృత్వమును చాటుకొను హక్కు, గౌరవభంగకరముగా గ్రంథమును మార్చినచో అడ్డుకొను హక్కు స్వామ్యము అమ్మివేసిన పిదపను రచయితకు మిగులునని 57వ విభాగము చెప్పుచున్నది. 'మీ తరువాతి మూడు నవలలును మాకే' అను వాక్యము కనబడినచో, అదే షరతులకు అని ఒప్పుకొనక, మొదట చూచు అవకాశము మాత్రము, అదియు ముప్పది దినములలో నిర్ణయము చెప్పు షరతుతో, ఈయవచ్చును.

చివరి పుటలో చిన్న అక్షరములతో 'వివాదములు విజయవాడ న్యాయస్థానముల పరిధిలోనివి' అని యుండును. సూరతువానికి ఇది ఒడంబడికలోని అన్ని వాక్యములకంటె బరువైనది కావచ్చును. అనుమతి లేక అచ్చువేసినచో, అది హక్కుల ఉల్లంఘనము; అప్పుడు తాను నివసించు జిల్లాలోనే దావా వేయు వీలును 62వ విభాగము హక్కుదారునకు కల్పించుచున్నది. రాయల్టీ బాకీ అట్లు కాదు, అది ఒడంబడిక భంగము. అచ్చట ఆ చిన్న అక్షరములే ఏలును. బాకీ దావాకు సాధారణముగా మూడేండ్ల గడువు. మొగమాటముతో జాబులు వ్రాయుచు ఆ గడువును దాటించుకొన్నవారు పలువురు. షరతులు రచయితకు మిక్కిలి కఠినముగా నున్నచో బదలాయింపును రద్దుపరచుమని కోరు వీలును 19–ఏ విభాగమున కలదు గాని, బదలాయించిన నాటినుండి ఐదేండ్లు నిండనిదే అట్టి ఉత్తర్వు వెలువడదు. ఆ వాక్యమును కొట్టివేయుమని అడుగవచ్చును. ప్రకాశకుడు ఒప్పుకొననిచో, కనీసము మొదట ఇరువురికి సమ్మతమైన మధ్యవర్తి ముందు, దూరమునుండియే విచారణ జరుగునట్లు ఒక వాక్యము చేర్పించవచ్చును. చేర్చిన ప్రతి వాక్యము ప్రక్కన ఇరువురును పొడి అక్షరములు వేసి, ఒక మూలప్రతి సూరతుకు తెప్పించుకొన్న పిదపనే పూర్తి వ్రాతప్రతిని పంపవలెను.