గాలస్ ఓటమికి దారి చూపినవాడే కారణమా?

క్రీ.పూ. 26 ప్రాంతంలో ఈజిప్టును పాలిస్తున్న రోమన్ అధికారి ఏలియస్ గాలస్, అగస్టస్ చక్రవర్తి పంపగా దక్షిణ అరేబియా మీదికి దండెత్తాడు. సాంబ్రాణి, బోళం పండే సీమ సంపద మీద రోమ్ కన్ను పడింది. వెంట వెళ్లింది సుమారు 10,000 మంది కాల్బలం. అందులో చాలామంది తిరిగి రాలేదు. గాలస్ స్నేహితుడైన భూగోళవేత్త స్ట్రాబో, తప్పంతా దారి చూపినవాడి మీద, అంటే అరేబియాలోని నబాటియన్ రాజ్యపు మంత్రి సిల్లియస్ మీద మోపాడు. ఆ తీర్పు నాకు న్యాయంగా తోచదు. స్ట్రాబో రాసిన వివరాలే దానికి ఎదురు సాక్ష్యం. నౌకాయుద్ధం ఊసే లేని చోటికి గాలస్ 80 యుద్ధనౌకలు కట్టించాడు. పొరపాటు తెలిశాక మళ్లీ 130 రవాణా ఓడలు. వాటిలో చాలా ఓడలు దారిలోనే పోయాయి. ఎర్రసముద్రపు ఒడ్డున ఉన్న ల్యూకే కోమే రేవులో సైనికుల నోటికీ కాళ్లకూ పక్షవాతం లాంటి జబ్బు పట్టుకుంది. ఒక వేసవి, ఒక చలికాలం అక్కడే గడిచిపోయాయి.

వెళ్లడానికి 6 నెలలు పట్టిన దారి, తిరుగు ప్రయాణంలో 60 రోజుల్లో ముగిసింది కదా, అది ద్రోహం కాదా అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. సుగంధాల బేరంతో బతికే నబాటియన్లు రోమ్‌కు ఆ సీమ దక్కాలని ఎందుకు కోరుకుంటారు? కానీ ఆ మాట ముందే ఆలోచించవలసింది సేనాని. నబాటియన్ల రాజధాని పెట్రా నుంచి ల్యూకే కోమేకు సైన్యమంత పెద్ద ఒంటెల బిడారులు క్షేమంగా నడిచేవని స్ట్రాబోయే చెప్పాడు. ఆ వర్తకులను విచారించి ఉంటే ఓడల అవసరమే వచ్చేది కాదు. చివరికి ఒంటెల మీద నీళ్లు మోసుకుంటూ నడిచిన సైన్యం, మార్సియాబా నగరాన్ని 6 రోజులు ముట్టడించి, నీళ్లు లేక వెనుదిరిగింది. సుగంధ సీమ అక్కడికి రెండు రోజుల ప్రయాణమేనని బందీలు చెప్పారు. యుద్ధంలో చనిపోయింది ఏడుగురే; మిగతావాళ్లను ఆకలి, రోగం, బడలిక, దారి కష్టాలు బలిగొన్నాయి.