మావాడు ట్రావెల్ టీమ్‌కి రెడీనా?

వేసవి సెలవులు అయిపోవస్తున్నాయంటే చాలు, డాలస్ శివార్లలో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "మీవాణ్ణి ట్రయౌట్స్‌కి తీసుకెళ్తున్నారా?" హైదరాబాద్‌లో ఆరో తరగతి పిల్లాణ్ణి ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పించారా అని అడిగినట్టే ఉంటుంది. లేదంటే ఎదుటివాళ్లు మనకేసి జాలిగా చూస్తారు.

ఇక్కడ బేస్‌బాల్ ఆడే పిల్లలకి రెండు దారులు. ఒకటి ఊరి లీగ్. పేరిచ్చిన పిల్లలందరినీ ఏదో ఒక టీమ్‌లో వేస్తారు. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో పుట్టిన లిటిల్ లీగ్ ఇలాంటిదే. చిన్నప్పుడు స్టాండు మీద పెట్టిన బంతిని కొడతారు, తర్వాత కోచ్ విసిరేదాన్ని, ఆ తర్వాత తోటి పిల్లలు విసిరేదాన్ని. రెండో దారి ట్రావెల్ టీమ్. ఇందులోకి ఏరి తీసుకుంటారు. శని, ఆదివారాలు టోర్నమెంట్లు, పక్క ఊళ్లలో హోటల్ గదులు, ఏడాదికి వేల డాలర్లు. గెలవడమే లెక్క కాబట్టి, పిల్లాణ్ణి బెంచి మీద కూర్చోబెట్టినా మనం గట్టిగా అడగలేం.

పోయినేడు మావాడికి తొమ్మిదేళ్లప్పుడు ఓ టీమ్ వాళ్లు చోటిస్తామన్నారు. మూడు రోజుల్లో చెప్పాలి. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారు మావారు. వంచడం వేరు, విరవడం వేరు కదా అని నా భయం. ఆ మూడు రోజులూ మేమిద్దరం కూర్చుని వేసుకున్న ప్రశ్నలివి.

ఎవరికి కావాలి?

ఆట బాగా వచ్చిన పిల్లాడూ, ఆటకి సిద్ధమైన పిల్లాడూ ఒకటి కాదు. మనం గుర్తు చేయకుండా గ్లవ్ తీసుకుని పెరట్లోకి వెళ్తున్నాడా? ప్రాక్టీసు లేని రోజు గోడకేసి బంతి కొట్టుకుంటున్నాడా? లేక ఆట అయ్యాక దొరికే ఐస్‌క్రీమ్ కోసం వస్తున్నాడా? తొమ్మిదేళ్లకి ఐస్‌క్రీమ్ కోసం రావడం తప్పేం కాదు. కానీ దాన్ని చూసి వేల డాలర్ల చెక్కు రాయకూడదు.

ఓడిపోవడం తట్టుకుంటాడా?

క్రికెట్ చూసి పెరిగిన మనకి ఇది అర్థం కావడం కష్టం. బేస్‌బాల్‌లో పది ప్రయత్నాల్లో మూడు హిట్లు కొట్టినవాణ్ణి మేజర్ లీగ్‌లోనే మంచి బ్యాటర్ అంటారు. అంటే ఏడుసార్లు కుదరకపోయినా గొప్పవాడే! స్ట్రైకౌట్ అయితే మావాడికి కళ్లనీళ్లు తిరిగేవి. ఏడవడం గురించి కాదు నా దిగులు. తర్వాతి ఇన్నింగ్స్‌లో మైదానంలో నిలబడ్డా మనసంతా ఆ అవుట్ దగ్గరే ఉండేది. బంతి పక్కనించి వెళ్లిపోయినా చూసేవాడు కాదు.

చెయ్యి సంగతి?

పిల్లల ఎముకల చివర్లలో ఎదుగుతున్న భాగం మెత్తగా ఉంటుంది. అదేపనిగా బంతి విసిరితే మోచేతి దగ్గర అది వాచి, నొప్పి పెడుతుంది. దీనికి 'లిటిల్ లీగ్ ఎల్బో' అని పేరే ఉంది. అందుకే లిటిల్ లీగ్ 2007 నుంచి బంతుల లెక్క పెట్టింది. 9-10 ఏళ్ల పిల్లాడు రోజుకి 75 బంతులు మించి వేయకూడదు. 66కి చేరితే నాలుగు రోజులు పిచింగ్‌కి విశ్రాంతి. పిల్లాడు రెండు టీమ్‌లకి ఆడితేనే చిక్కు. శనివారం ఇక్కడ, ఆదివారం అక్కడ పిచింగ్ చేస్తే రెండు లెక్కలూ కలిపేదెవరు? ఆ లెక్క అమ్మానాన్నలే రాసుకోవాలి. చెయ్యి నొప్పంటే "కాస్త ఓర్చుకో" అనే కోచ్ అయితే, టీమ్ ఎంత గొప్పదైనా వద్దు.

ఏడాది పొడుగునా ఒకే ఆట ఆడించడం కూడా మంచిది కాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ దాదాపు 15-16 ఏళ్లు వచ్చేదాకా పిల్లల్ని ఒకే ఆటకి కట్టేయొద్దంటుంది. వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో మొత్తం మూడు నెలలు ఆ ఆటకి సెలవివ్వమంటుంది.

ఇల్లు సిద్ధమా?

టీమ్‌లో చేరేది ఒక్కడే అయినా తిరగాల్సింది ఇంటిల్లిపాదీ. మా అమ్మాయికి ఆరేళ్లు. ఆదివారం తెలుగు బడి మానేసి, అన్న ఆట చూస్తూ ఎండలో కూర్చోవాలి. "నా బర్త్‌డే కూడా గ్రౌండ్‌లోనేనా?" అని అది అడిగితే మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

మూడో రోజు ఆ టీమ్‌కి ఫోన్ చేసి, ఈ ఏడాదికి వద్దని చెప్పాం. వాడికి చెప్పడమే కష్టమైంది. "నేను బాగా ఆడలేదామ్మా?" అన్నాడు. బాగా ఆడావు కాబట్టే పిలిచారు, వద్దన్నది మేమే అని చెప్పాను. వాడి స్నేహితుడు ఆ టీమ్‌లో చేరాడు. వారం రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ వారం నాకూ నిద్ర పట్టలేదు.

అయినా తొమ్మిదేళ్లకి ఏ తలుపూ మూసుకుపోదు. పన్నెండేళ్ల దాకా పిచర్ 46 అడుగుల దూరం నుంచి విసురుతాడు. టీనేజీలోకి వచ్చాక అది 60 అడుగుల 6 అంగుళాలు. బేస్‌ల మధ్య దూరం 60 అడుగుల నుంచి 90కి పెరుగుతుంది. ఆపాటికి పిల్లల ఎత్తూ బలమూ మారిపోతాయి. ఇవాళ్టి స్టార్ వెనకబడొచ్చు, ఇవాళ బక్కపల్చగా ఉన్నవాడు ముందుకు రావొచ్చు.

మావాడు ఊరి లీగ్‌లోనే మరో ఏడాది ఆడాడు. చలికాలంలో ఈత నేర్చుకున్నాడు. మొన్న వసంతంలో ఓ ఆటలో వరసగా మూడుసార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. కళ్లు తుడుచుకుని వెళ్లి, తర్వాతి ఇన్నింగ్స్‌లో తనవైపొచ్చిన బంతిని ఒడిసి పట్టాడు. ఈసారి ట్రయౌట్స్ తేదీలు వాడే కనుక్కొచ్చి ఫ్రిజ్ మీద అంటించాడు. తీసుకెళ్తున్నాం. ఎంపికైతే కోచ్‌ని నేనడగబోయే మొదటి ప్రశ్న ఎన్ని కప్పులు గెలిచారని కాదు. బంతుల లెక్క ఎవరు రాస్తారని.