దశాంశ సంఖ్యల క్రమం

దశాంశ సంఖ్యల క్రమం అనగా దశాంశ బిందువు గల సంఖ్యలను వాటి విలువను బట్టి చిన్నదాని నుండి పెద్దదానికి (ఆరోహణ క్రమం) గాని, పెద్దదాని నుండి చిన్నదానికి (అవరోహణ క్రమం) గాని అమర్చడం. వేర్వేరు విలువలు గల ఏ రెండు దశాంశ సంఖ్యల మధ్యనైనా మరొక దశాంశ సంఖ్య తప్పక ఉంటుంది. దీనిని సాంద్రతా ధర్మం అంటారు. ఈ రెండు విషయాలూ చూడటానికి సులభంగా కనిపించినా, ప్రపంచమంతటా విద్యార్థులు తరచుగా పొరబడే అంశాలలో ఇవి ముఖ్యమైనవి.

స్థానవిలువ

దశాంశ బిందువుకు ఎడమవైపు ఒకట్లు, పదులు, వందలు ఉంటాయి. కుడివైపు మొదటి స్థానం పదోవంతులను, రెండవది నూరోవంతులను, మూడవది వెయ్యోవంతులను తెలుపుతుంది. ఏ స్థానమైనా తన ఎడమవైపు స్థానంలో పదోవంతు మాత్రమే. కాబట్టి 0.4 అనగా నాలుగు పదోవంతులు, లేదా నలభై నూరోవంతులు. 0.4, 0.40, 0.400 ఒకే విలువ గలవి. చివర సున్నాలు చేర్చినంత మాత్రాన దశాంశ సంఖ్య విలువ మారదు. మధ్యలో సున్నా చేరిస్తే మారుతుంది. 4.3 వేరు, 4.03 వేరు.

పోల్చే పద్ధతి

1. ముందుగా పూర్ణాంక భాగాలను పోల్చాలి. అది పెద్దదైన సంఖ్యే పెద్దది.
2. అవి సమానమైతే పదోవంతుల స్థానాన్ని, తరువాత నూరోవంతుల స్థానాన్ని, ఇలా ఎడమ నుండి కుడికి వరుసగా పోల్చాలి.
3. అంకెల సంఖ్య సమానంగా లేకుంటే చివర సున్నాలు చేర్చి సమానం చేసుకోవాలి.

ఉదాహరణ: నలుగురు పిల్లల ఎత్తులు మీటర్లలో 1.4, 1.35, 1.405, 1.04 అనుకుందాం. సున్నాలు చేర్చగా 1.400, 1.350, 1.405, 1.040 అవుతాయి. ఆరోహణ క్రమం: 1.04, 1.35, 1.4, 1.405.

సాధారణంగా జరిగే పొరపాట్లు

1989లో లారెన్ రెస్నిక్, పర్లా నెషర్ తదితరులు అమెరికా, ఇజ్రాయెల్, ఫ్రాన్సు దేశాల విద్యార్థుల తప్పులను పరిశీలించారు. తరువాత ఆస్ట్రేలియాలో వికీ స్టైన్‌లీ, కే స్టేసీ ఈ పరిశోధనను విస్తరించారు. విద్యార్థుల తప్పులు యాదృచ్ఛికాలు కావని, వారు తమకు తోచిన ఒక నియమాన్ని పాటిస్తారని ఈ పరిశోధనలు తెలిపాయి.

* పొడవైనదే పెద్దది: 63 ఎనిమిది కంటె పెద్దది కనుక 4.8 కంటె 4.63 పెద్దదని భావించడం. పూర్ణసంఖ్యల అలవాటు దీనికి కారణం.
* పొట్టిదే పెద్దది: నూరోవంతు కంటె పదోవంతు పెద్దది కనుక 0.73 కంటె 0.4 పెద్దదని భావించడం. ఇక్కడ విద్యార్థి ముక్క పరిమాణాన్ని చూస్తాడు గాని, ఎన్ని ముక్కలో చూడడు.
* సున్నాను విస్మరించడం: సున్నాకు విలువ లేదనుకొని 4.03ను 4.3తో సమానంగా తలచడం.

తప్పు నియమం కూడా కొన్నిసార్లు సరియైన జవాబునే ఇస్తుంది. 0.75, 0.5 లలో పెద్దది ఏదని అడిగితే మొదటి రకం విద్యార్థి 0.75 అనే చెబుతాడు. అతని పొరపాటు బయటపడదు. అందువలన పరీక్షలో 4.8, 4.63 వంటి జతను, 0.4, 0.73 వంటి జతను రెండింటినీ ఇవ్వాలి.

చదివే పద్ధతి కూడా పొరపాటుకు దారితీస్తుంది. 3.12ను "మూడు పాయింట్ పన్నెండు" అని చదివితే పిల్లవాని మనసులో పన్నెండు అనే పూర్ణసంఖ్యే నిలుస్తుంది. "మూడు పాయింట్ ఒకటి రెండు" అని చదవడం సరియైనది.

రెండు సంఖ్యల మధ్య సంఖ్యలు

0.3, 0.4 ల మధ్య ఎన్ని సంఖ్యలున్నాయని అడిగితే కొందరు "ఏమీ లేవు" అంటారు. మరికొందరు 0.31 నుండి 0.39 వరకు తొమ్మిది అంటారు. నిజానికి అవి అనంతం. కనుగొనడానికి రెండు మార్గాలున్నాయి.

* సున్నాలు చేర్చడం: 0.3, 0.4 లను 0.30, 0.40 గా రాస్తే మధ్యలో 0.31, 0.32 మొదలైనవి కనిపిస్తాయి. 0.300, 0.400 గా రాస్తే 0.301 మొదలు 0.399 వరకు 99 సంఖ్యలు కనిపిస్తాయి.
* సగటు తీసుకోవడం: 0.3, 0.4 ల మొత్తంలో సగం 0.35. మరల 0.3, 0.35 ల సగటు 0.325. దీనికి అంతు లేదు.

కనుక 0.3కు "తరువాతి సంఖ్య" అంటూ ఏదీ లేదు. 3 తరువాత 4 వచ్చే పూర్ణసంఖ్యలకు, దశాంశ సంఖ్యలకు గల ప్రధాన భేదం ఇదే.

నారాయణఖేడ్ ప్రాంతం, దశాంశ పద్ధతి

నారాయణఖేడ్ ప్రస్తుతం తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాలో ఉంది. హైదరాబాదు రాష్ట్రంలో ఇది బీదరు జిల్లాకు చెందిన తాలూకా. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో మెదక్ జిల్లాలో చేరింది. ఐదు నెలల తరువాత, 1957 ఏప్రిల్ 1న దేశంలో దశాంశ నాణేలు అమలులోకి వచ్చాయి. రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చాయి. 1958 నుండి దశలవారీగా సేర్లు, మణుగుల స్థానంలో కిలోగ్రాములు వచ్చాయి. ఆ తరం వారు దశాంశాలను బడికంటె ముందు బజారులోనే నేర్చుకోవలసి వచ్చింది.

తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ వినిపించే ఈ సరిహద్దు ప్రాంతంలో పావు, అర, ముప్పావు, సవా, డేఢ్ వంటి భిన్నాల పేర్లు వ్యవహారంలో ఉన్నాయి. పావుకిలో కంటె అరకిలో ఎక్కువని తెలిసిన పిల్లవాడే, పుస్తకంలో 0.5 కంటె 0.25 పెద్దదని రాయడం కద్దు. 0.25 అంటే పావు, 0.5 అంటే అర అని గుర్తుచేస్తే తన తప్పును తానే దిద్దుకోగలడు.

అయితే డబ్బు ఉదాహరణకు పరిమితి ఉంది. పైసకంటె చిన్న విలువ లేనందున రూ. 3.45కు, రూ. 3.46కు మధ్య ఏమీ లేదని తోస్తుంది. పైగా 25 పైసలు, అంతకు తక్కువ విలువగల నాణేల చలామణి 2011 జూన్ 30తో ముగిసింది. నేటి పిల్లలకు పైసల అనుభవం తక్కువ. అందుచేత మీటరు స్కేలు, గళ్ళ కాగితం, సంఖ్యారేఖ మేలైన ఉపకరణాలు.

దశాంశాలు కాని చుక్కలు

క్రికెట్‌లో 4.5 ఓవర్లు అనగా నాలుగు ఓవర్ల ఐదు బంతులు. మరొక బంతి వేస్తే 5 ఓవర్లు పూర్తవుతాయి. ఇది నాలుగున్నర కాదు. పాఠ్యపుస్తకంలో అభ్యాసం 1.9 తరువాత 1.10 వస్తుంది. కాని సంఖ్యలుగా 1.10 కంటె 1.9 పెద్దది. ఈ తేడాను విద్యార్థులకు ముందే తెలపడం మంచిది.

ప్రాముఖ్యత

ఔషధాల మోతాదులో చుక్క స్థానం మారితే మోతాదు పదిరెట్లు మారుతుంది. అందువలననే వైద్యులు .5 అని గాక 0.5 అని, 5.0 అని గాక 5 అని రాయాలని సూచిస్తారు. పాలలో వెన్నశాతం, జ్వరమానిని కొలత, పరుగుపందెంలో సమయం మొదలైన వాటన్నిటిలోను దశాంశాల క్రమాన్ని గుర్తించడం అవసరం. పై తరగతులలోని అకరణీయ సంఖ్యలు, వాస్తవ సంఖ్యలు, అవధి అనే భావనలకు కూడా ఇదే పునాది.